క్రీడాకారునకు దళారి అవసరమా?

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేయబడిన ఉపన్యాసము)



రజతోత్సవవేళ గ్రంథముల మహిమను గూర్చియు, దాతల ఔదార్యమును గూర్చియు ప్రసంగించుట ఆచారము. నేటి ఉపన్యాసమునకు విషయము వేఱు. ఉదయమున గ్రంథాలయమునకు వచ్చి పత్రికలు చదువు యువకులలో పలువురు సాయంకాలము కాగానే వాలీబాలు మైదానమునకు పోవువారే. వారి తల్లిదండ్రుల మనస్సులను కలచుచున్న ప్రశ్న యొకటి కలదు. ‘క్రీడల కోటాలో సీటు ఇప్పింతును, కళాశాల జట్టులో చేర్పింతును’ అని చెప్పి సొమ్ము పుచ్చుకొను సలహాదారుని ఆశ్రయింపవలెనా, వలదా? అతని వలన పిల్లలకు నిజముగా మేలు కలుగునా? ఈ ప్రశ్నను ఆవేశముతో గాక, లెక్కతో విచారించుట యుక్తము.

1895లో అమెరికాలో విలియం మోర్గన్ అను వ్యాయామోపాధ్యాయుడు కల్పించిన ఈ ఆట క్రైస్తవ యువజన సంఘముల ద్వారా భారతదేశమునకు వచ్చి, పల్లెపల్లెకును వ్యాపించినది. పేదవానికి ఇంతకన్న అనుకూలమైన ఆట లేదు. 18 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు గల చదునునేల, రెండు స్తంభములు, ఒక వల, ఒక బంతి – ఇంతే సామగ్రి. శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలలో కోతలు ముగిసిన పొలములే మైదానములగును. సంక్రాంతి వచ్చిన ఊరూరను పందెములు జరుగును. అందులో మెఱసిన కుఱ్ఱవానికి పేరు వచ్చును. ఆ పేరు వెంబడి ఆశ వచ్చును. ఆ ఆశ వెంబడి దళారి వచ్చును. కొడుకు కళాశాల జట్టున చేరిన యెడల చదువు సాగును, పిదప ఉద్యోగము దొరకును అని నమ్మి, రాబోవు జీడిపంటపై అప్పు చేయు తండ్రియు, మెడలోని బంగారము తాకట్టు పెట్టు తల్లియు ఉందురు. కావున ఇది ఆటకు సంబంధించిన ముచ్చట మాత్రమే కాదు. ఒక కుటుంబపు రెండు మూడేండ్ల కష్టార్జితము ఇందు ఇమిడియున్నది.

మొదట రాజమార్గ మెట్టిదో తెలిసికొనవలెను. పాఠశాలలో చదువువారికి 14, 17, 19 ఏండ్లలోపు అను తరగతులుగా ఎంపికలు జరుగును. మండలము, జిల్లా, రాష్ట్రము అను మెట్లు ఎక్కినవాడు జాతీయ పాఠశాలా క్రీడలకు పోవును. కళాశాలలో చేరిన పిదప అంతర్ కళాశాలా పోటీలు కలవు. వానిలో రాణించినవారిని ఎంపికసంఘము విశ్వవిద్యాలయ జట్టునకు ఏరుకొనును. ఆ జట్లు భారతీయ విశ్వవిద్యాలయముల సంఘము నిర్వహించు పోటీలలో ఆడును. ఆంధ్రప్రదేశమున ఇంజనీరింగు వంటి వృత్తివిద్యల ప్రవేశమున క్రీడాకారులకు కేటాయింపబడినది నూటికి అర, అనగా రెండువందల సీట్లకు ఒకటి. అందును యోగ్యతాపత్రములను రాష్ట్ర క్రీడాప్రాధికార సంస్థ పరిశీలించును.

కేంద్రప్రభుత్వ ఉద్యోగములకును పద్ధతి యిట్లే యున్నది. దేశము తరఫున ఆడినవానికి ఒకటవ నమూనా పత్రము. రాష్ట్రము తరఫున జాతీయ పోటీలలో ఆడినవానికి రెండవది. విశ్వవిద్యాలయము తరఫున ఆడినవానికి మూడవది. రాష్ట్ర పాఠశాలల జట్టు తరఫున జాతీయ క్రీడలలో ఆడినవానికి నాలుగవది. ఒకదానిపై జాతీయ క్రీడాసమాఖ్య కార్యదర్శి, ఒకదానిపై రాష్ట్రసంఘ కార్యదర్శి, ఒకదానిపై విశ్వవిద్యాలయ క్రీడాధికారి, ఒకదానిపై విద్యాశాఖాధికారి సంతకము చేయవలెను. భూమి యెవనిదని అడిగినపుడు దస్తావేజు చూతుము గాని, సాక్షిగా వచ్చినవాని మీసములు చూడము గదా! ఈ నాలుగు పత్రములలో ఎందును దళారి సంతకమునకు చోటు లేదు. ఈ యొక్క సంగతి గ్రహించిన, సగము మోసము తొలగును.

అయినచో దళారి అమ్మునది ఏమి? మూడు సరకులు. మొదటిది వార్త, రెండవది వ్రాతపని, మూడవది పలుకుబడి. వీనిని వేఱువేఱుగా తూచవలెను.

ఏ కళాశాలకు ఎప్పుడు దరఖాస్తు చేయవలెను, ఎంపికలు ఏ తేదీన జరుగును, ఏ పోటీ పత్రము చెల్లును, ఏది చెల్లదు – ఇది వార్త. దీనికి విలువ కలదు. గడువు దాటిపోవుటచే నష్టపడిన మంచి ఆటగాండ్రు ఉందురు. కాని ఈ వార్త రహస్యము కాదు. ప్రభుత్వ ప్రకటనలలోను, విశ్వవిద్యాలయముల నోటీసులలోను, అంతర్జాలమునందును ఉచితముగా లభించును. ఊరి బావినీటిని కుండలో పోసి ఊరివారికే అమ్మినట్లు దీనిని అమ్ముచున్నారు.

రెండవది వ్రాతపని. దరఖాస్తు నింపుట, పత్రములు వరుసగా కూర్చుట, ఆడుచున్నప్పటి చలనచిత్రము తీసి శిక్షకునకు పంపుట – ఇది శ్రమ. శ్రమకు కూలి న్యాయము. దస్తావేజు వ్రాసినవానికి వ్రాతకూలి ఇచ్చుటలో తప్పేమి? అయితే వ్రాతకూలి కాగితమును బట్టి యుండును గాని, భూమి ధరను బట్టి యుండదు.

మూడవది పలుకుబడి. సొమ్మంతయు దీని పేరనే చేతులు మారును. ఇందొక చిత్రమైన గణితము కలదు. ‘పని జరుగకున్న మీ సొమ్ము మీకే తిరిగి యిత్తును’ అని దళారి పదిమంది వద్ద పుచ్చుకొనుననుకొందము. అతడు ఎవరికిని సిఫారసు చేయడు, ఇంట కూర్చుండును. పదిమందిలో ఇద్దరు తమ ఆటబలముచేతనే ఎంపికయగుదురు. ఆ ఇద్దరి సొమ్ము అతడు ఉంచుకొనును. తక్కిన ఎనిమిదిమందికి తిరిగి యిచ్చి, మాట నిలుపుకొన్న సత్యసంధుడను కీర్తి కూడ సంపాదించును! ఎంపికయైనవారు అతనివలననే అయితిమని నమ్మి, మఱునాడు మఱి పదిమందిని తోడుకొని వత్తురు. ఏ పనియు చేయకయే సాగు వ్యాపార మిది. ఇక తక్కినవారి సొమ్ము తిరిగి యీయని దళారిని గూర్చి చెప్పనేల?

పలుకుబడి నిజముగా ఉన్నదనుకొన్నను, దాని రూపము లంచమో, దొంగపత్రమో కావలెను. ఆడని ఆటకు పత్రము పుట్టించిన నకిలీ వ్యవహారములు పట్టుబడినట్లు పత్రికలలో పలుమాఱులు వార్తలు వచ్చినవి. దొంగపత్రము కల్పించుటయు, దొంగదని తెలిసి వాడుటయు, 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయసంహిత ప్రకారము నేరములు. అది బయటపడిననాడు దళారి వేఱొక ఊరు పోవును. సీటు పోగొట్టుకొని, చదివిన చదువు వ్యర్థమై, నేరస్థుల వరుసలో నిలుచువాడు పద్దెనిమిదేండ్ల కుఱ్ఱవాడు.

సాహిత్యమునందు ఈ మూడు రకముల మధ్యవర్తులును కలరు. భాగవతమున రుక్మిణీదేవి సందేశమును అగ్నిద్యోతనుడు ద్వారకకు కొనిపోయెను. ఉన్నమాటను ఉన్నట్లు చెప్పెను. మఱలి వచ్చి శుభవార్త చెప్పెను. వివాహము తనవలన జరిగెనని అతడు చాటుకొనలేదు. ఇతడు ఉత్తమ మధ్యవర్తి. భారతమున కుమారాస్త్రవిద్యాప్రదర్శన సమయమున కర్ణుడు రంగస్థలమునకు రాగా, కృపాచార్యుడు కులమడిగెను. దుర్యోధనుడు తత్క్షణమే అంగరాజ్యమిచ్చి అతనిని పోటీకి అర్హుని చేసెను. ప్రతిభ గలవానికి ద్వారము మూయుట అన్యాయమే. కాని ఆ ద్వారము తెఱచినవాని ఋణము కర్ణుని జీవితాంతము విడువలేదు. తల్లి వచ్చి పిలిచినను రాలేకపోయెను. పరుల పలుకుబడితో ప్రవేశించినవాని స్థితి ఎట్లుండునో ఈ కథ తెలుపుచున్నది. మూడవ రకము చూడదలచినవారు దూరము పోనక్కఱలేదు. 1892లో విజయనగరమున తొలిసారి ప్రదర్శింపబడిన గురజాడవారి కన్యాశుల్కమున రామప్పంతులున్నాడు. బేరము కుదుర్చు నేర్పరినని విఱ్ఱవీగిన ఆ మహానుభావుడు ఆడువేషములోనున్న మగపిల్లవానిని పెండ్లికూతురని నమ్మి బేరమాడెను! సరకు తెలియని దళారి ఎట్టివాడో ఇంతకన్న చక్కగా చెప్పుట కష్టము.

పలుకుబడి జట్టులో స్థానమీయగలదు గాని ఆటనీయలేదనుటకు విజయనగరమే సాక్ష్యము. విజ్జీ అని ప్రసిద్ధుడైన విజయనగర మహారాజకుమారుడు 1936లో ఇంగ్లండు పోయిన భారత క్రికెట్ జట్టునకు నాయకుడయ్యెను. ఆయన క్రికెట్టునకు చేసిన పోషణ గొప్పది. హాబ్స్, సట్‌క్లిఫ్ వంటి ఆంగ్లక్రీడాకారులను ఈ దేశమునకు రప్పించి ఆడించిన ఘనత ఆయనదే. అయినను ఆ పర్యటనలోని మూడు టెస్టులలో, ఆరు ఇన్నింగ్సులలో ఆయన చేసిన పరుగులు మొత్తము 33. రెండు టెస్టులలో భారతజట్టు ఓడినది. ఒకటి తేలకుండ ముగిసినది. ఆయన నాయకత్వము ధనప్రాబల్యముచే వచ్చినదని నాటినుండి నేటివఱకు చరిత్రకారులు వ్రాయుచునే యున్నారు. నాయకత్వమిప్పించిన సంపద ఒక్క పరుగునైనను చేర్పలేకపోయెను.

దీనికి ఎదురుగా కొందఱిని నిలుపుదము. 2022లో ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాలో చేరిన వీరఘట్టమున పుట్టిన కోడి రామమూర్తినాయుడు మద్రాసులో వ్యాయామశిక్షణ పొంది, విజయనగరమున వ్యాయామోపాధ్యాయుడై, కలియుగ భీముడని జగత్ప్రసిద్ధి గాంచెను. ఆమదాలవలస చెంతనున్న ఊసవానిపేట బాలిక కరణం మల్లీశ్వరి నీలంశెట్టి అప్పన్న అను గురువు వద్ద బరువులెత్త నేర్చి, 1994లోను, 1995లోను ప్రపంచవిజేతయై, 2000 సంవత్సరమున సిడ్నీ ఒలింపిక్సులో 240 కిలోలెత్తి కాంస్యపతకము గెలిచెను. ఒలింపిక్ పతకము పొందిన మొదటి భారతస్త్రీ ఆమెయే. నెల్లిమర్ల చెంతనున్న కొండవెలగాడ ఊరు ఊరంతయు బరువులెత్తు విద్యకు పేరుపొందినది. అచ్చటి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్తు క్రీడలలో మూడవదై, విజేత మాదకద్రవ్యపరీక్షలో విఫలురాలగుటచే రజతపతకమునకు అర్హురాలయ్యెను. అడ్డుదారిని వచ్చిన స్థానము నిలువదనియు, కష్టించినవానికి రావలసినది ఆలస్యముగానైనను వచ్చుననియు ఈ యొక్క ఉదాహరణము చెప్పుచున్నది. వీరిని ముందునకు నడిపినది ఊరిలోని వ్యాయామశాల, ఓర్పుగల గురువు.

ఈ సమస్య ఇచ్చటిదే యనుకొనరాదు. తెలుగు కుటుంబములు పెక్కు స్థిరపడిన అమెరికాలో వాలీబాలు ఆడు బాలికలకు కళాశాలలు వేతనములిచ్చును. అందుచే సలహాకంపెనీలు వెలసినవి. పదవతరగతి ముగిసిన వేసవిలో జూన్ 15 నుండి మొదటిశ్రేణి కళాశాలల శిక్షకులు బాలికలతో మాటలాడవచ్చును. అప్పటికి చిత్రములు, ఉత్తరములు సిద్ధపఱచుట ఈ కంపెనీల పని. ఆ సాయము కొందఱికి ఉపయోగపడును. కాని ఆమె ఎత్తును, ఎగురుబలమును, పరీక్షల మార్కులను అవి పెంచలేవు. అచ్చటి క్రీడాసంఘము విధించిన నియమ మొకటి ఎంతయు వివేకవంతమైనది: సలహాకు రుసుము తీసికొనవచ్చును గాని, కళాశాలలో వేతనముతో చోటు ఇప్పించుటపై ఆధారపడిన రుసుము తీసికొనరాదు. ఆ నియమము మీఱినచో ఆటగాని అర్హతకే ముప్పు. అంతటి దేశమునందును 2019లో రిక్ సింగర్ అను సలహాదారుని వ్యవహారము బయటపడినది. శిక్షకులకు లంచములిచ్చి, ఎన్నడును ఆడని పిల్లలను ఆటగాండ్రుగా చూపి, ధనికుల బిడ్డలకు సీట్లిప్పించిన అతనికి 2023లో మూడున్నరయేండ్ల కారాగారశిక్ష పడినది. ఆరోపణల నెదుర్కొన్న శిక్షకులలో వాలీబాలు శిక్షకుడు కూడ ఒకడుండెను.

ఇచట న్యాయమైన ఆక్షేపణ యొకటి కలదు. ‘పట్టణపు పిల్లలకు చెప్పువారు కలరు. వ్యాయామోపాధ్యాయుడే లేని పాఠశాలలో చదివిన మన్యపు బిడ్డకు దిక్కెవరు? దళారి కూడ లేకున్న అతనికి ఎంపికల తేదీయే తెలియదు గదా!’ అని. ఇది నిజము. చీకటి యున్నచోటనే దివిటీవానికి బేరము. అందుచే దళారిని తిట్టుట మాత్రము చాలదు, దీపము పెట్టవలెను. ఆ దీపము గ్రంథాలయమే కాగలదు.

అందులకు పెద్ద వ్యయము లేదు. గ్రంథాలయమున ఒక పలక క్రీడాప్రకటనలకు కేటాయింపవలెను. జిల్లా ఎంపికల తేదీలు, ప్రవేశముల గడువులు చదువుకొన్న యువకుడొకడు వారమునకొకసారి దానిపై వ్రాయవలెను. ఊరిలోని ప్రతి క్రీడాకారునకు ఒక పుట చొప్పున చిట్టా తెఱచి, పుట్టినతేదీ, ఆడిన పోటీ, స్థలము, ఫలితము ఎప్పటికప్పుడు ఎక్కింపవలెను. పత్రముల నకళ్లు అందు భద్రపఱుపవలెను. నమూనా దరఖాస్తులు ఉంచి, నింపుట నేర్పవలెను. ఆడపిల్లలకును ఇందు సమానమైన చోటుండవలెను.

ఎవరైన సలహాదారుని వద్దకు పోకతప్పదనుకొన్నచో, మూడు కట్టుబాట్లు పాటింపవలెను. చేయు పని యేదో కాగితముపై వ్రాయించుకొని, సొమ్మునకు రసీదు పుచ్చుకొనవలెను. పనికి కూలి యీయవలెను గాని ఫలమునకు వెల కట్టరాదు. అసలు యోగ్యతాపత్రములు ఎవరిచేతను పెట్టరాదు. ఈ మూడింటికిని ఒప్పుకొనువాడు సలహాదారుడు, ఒప్పుకొననివాడు దళారి.

వలకు ఇవతల ఆరుగురు, అవతల ఆరుగురు నిలిచినపుడు, లేచిన బంతి ఎవని సిఫారసును అడుగదు. అట్టి ఆటకు చేరు దారియు అంత నిష్కపటముగా ఉండవలెను. ఇరువదియైదేండ్లుగా ఈ గ్రామమునకు అక్షరమును ఉచితముగా పంచిన ఈ గ్రంథాలయము, ఇకమీదట క్రీడావార్తను కూడ ఉచితముగా పంచి, స్వర్ణోత్సవము నాటికి ఈ ఊరి బిడ్డల పేర్లు తన చిట్టాలో గర్వముగా చదువుకొనుగాక!

స్వస్తి.