తల్లీ, ఒక్క క్షణము ఆగుము

ఈ ఉదయము ముఖ్యముగా చిన్నబిడ్డల తల్లులతో మాట్లాడాలని ఆశపడుచున్నాను. స్టవ్ మీద పాలు పెట్టి వింటున్న సహోదరీ, మధ్యలో లేవవలసి వస్తే లేచి వెళ్ళమ్మా. మరల వచ్చి విను.

బైబిలు తెరవగానే చంటివాడు లేస్తాడు. వాణ్ణి పండుకోబెట్టేసరికి పెద్దపిల్ల బడికి వేళయిందంటుంది. సాయంత్రానికి పిల్లల మీద అరచి, వాళ్ళు నిద్రపోయాక ఏడ్చి, "నాకు ప్రార్థనా జీవితమే లేదు" అని తమమీద తామే తీర్పు తీర్చుకొను తల్లులు మన సంఘాలలో ఎందరో.

మార్కు సువార్త 5వ అధ్యాయము చూడండి. యాయీరు కుమార్తె, 12 ఏండ్ల పిల్ల, చావు బ్రతుకుల మధ్య ఉన్నది. ప్రభువు ఆ ఇంటికే వెళ్ళుచున్నాడు. ఇంతకంటె తొందర పని ఏముంటుంది? దారిలో 12 ఏండ్లుగా రక్తస్రావముతో బాధపడిన స్త్రీ వెనుకనుండి ఆయన వస్త్రము ముట్టినది. ప్రభువు ఆగిపోయాడు! ఎవరు ముట్టారని చుట్టూ చూచాడు. ఇంత గుంపులో అదేమి ప్రశ్న అన్నారు శిష్యులు. యాయీరు ప్రాణము ఎంత కొట్టుకున్నదో! అయినను ప్రభువు ఆమె చెప్పినదంతా విన్నాడు. ఆమెను తన పనికి అడ్డము అనుకోలేదు.

1979లో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో జాన్ కబాట్-జిన్ అనే ఆయన రోగులకు మైండ్‌ఫుల్‌నెస్ నేర్పుట ప్రారంభించాడు. జరుగుచున్న దానిని, తీర్పు తీర్చక, ఉన్నది ఉన్నట్లు గమనించుటయే అది. ఆయన బౌద్ధ ధ్యానమునుండి తీసుకొన్నాడు గనుక కొందరు విశ్వాసులు జంకుతారు. గమనించుట ఏ ఒక్కరి సొత్తూ కాదు. 17వ శతాబ్దములో పారిస్ మఠపు వంటగదిలో బ్రదర్ లారెన్స్ గిన్నెల మధ్యనే దేవుని సన్నిధిని అభ్యసించాడు. ఆయన చంకలో బిడ్డ లేడు లెండి!

కాబట్టి సహోదరీ, అరవబోయే ముందు ఆగు. స్టవ్ ఆపు. నీ పాదాలు నేలను తాకుట గమనించు. నెమ్మదిగా ఒక్క ఊపిరి తీసి విడువు. "ప్రభువా, నాకు కోపము వచ్చుచున్నది" అని ఉన్న మాట చెప్పు. అదీ ప్రార్థనే. అప్పుడు బిడ్డ ముఖము చూడు. ఆకలా? నిద్రా? భయమా? పది సార్లలో నాలుగు సార్లే ఇది కుదిరినా, ఆ నాలుగు సార్లు నీ బిడ్డకు నీవు దొరికావు.

భర్తలారా, అత్తగార్లారా, ఆమెను ఓర్చుకొమ్మని చెప్పి మీరు టి.వి. ముందు కూర్చోవద్దు. బిడ్డను అరగంట ఎత్తుకొనండి. కాన్పు తరువాత రెండు వారాలు దాటినా దుఃఖము తగ్గకపోతే, బిడ్డనో తననో ఏమైనా చేసుకోవాలన్న తలంపు ఒక్కసారి వచ్చినా, విశ్వాసము చాలదని ఆమెను నిందించక, వెంటనే డాక్టరు దగ్గరకు తీసుకొనిపొండి.

ప్రార్థించుదము. ప్రభువా, దారిలో ఆగినవాడా, ఈ పూట బిడ్డ ఏడ్పుకు మేల్కొన్న ప్రతి తల్లిని జ్ఞాపకము చేసుకొనుము. ఆమేన్.