మంత్రసాని అవ్వ చేతులు, జపాను ఉద్యోగాలు

(రామాపురం దళితవాడలో జరిగిన సభలో మా మాట)



మేము ఉపన్యాసం ఇవ్వడానికి రాలేదు. ఈ వాడలో ఒక చెల్లెలు వాళ్లమ్మ కమ్మలు తాకట్టు పెట్టి ఒక ఏజెంటు చేతిలో డబ్బు పోసిందని విని వచ్చాం. జపానులో ముసలోళ్లను చూసుకునే పని, నెలకి లక్ష పైనే అన్నాడంట. రశీదు ఏదమ్మా అంటే ఫోన్లో మెసేజి చూపించింది. అందులో ఆ మనిషి ఇంటిపేరు కూడా లేదు. తెనాలి, బాపట్ల, రేపల్లె ఎక్కడికి పోయినా ఇలాంటి కథ మాకు వినపడుతూనే ఉంది. చెల్లెల్ని తిట్టబోకండి. పని కావాలనుకోవడం తప్పు కాదు.

అసలు సేవ పని మనకెవరో కొత్తగా నేర్పింది కాదు. ఊళ్లో కాన్పు కష్టమైతే అర్ధరాత్రి లాంతరు పట్టుకుని మన పల్లెకే పరిగెత్తుకొచ్చేవాళ్లు. మన మంత్రసాని అవ్వ బిడ్డను బయటికి తీసి, బొడ్డు కోసి, మైలగుడ్డలు ఉతికి వచ్చేది. పురుడు వెళ్లిపోయాక మళ్లీ ఆ గడప తొక్కనిచ్చేవాళ్లు కాదు. బిడ్డను మొదట ముట్టుకున్న చెయ్యే అంటరాని చెయ్యి! కూలి అంటే చేటెడు బియ్యం, ఒక పాత చీర. దాన్ని పనితనమని ఎవరూ అనలేదు.

తర్వాత మిషను వాళ్లొచ్చారు. డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో గుంటూరు వచ్చి 1898లో ఆసుపత్రి తెరిచింది. అలాంటి మిషను ఆసుపత్రుల్లో మన మాల, మాదిగ క్రైస్తవ ఆడపిల్లలు నర్సులయ్యారు. అవ్వ చేతులకు చదువు తోడైతే 'సిస్టర్' అన్న గౌరవం వచ్చింది. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, మళ్లీ ఆ మాటకొస్తాం.

ఇప్పుడు దేశాలే ముసలివైపోతున్నాయి. జపానులో పదిమందిలో దాదాపు ముగ్గురు 65 ఏళ్లు దాటినవాళ్లు. అందుకే 2021 జనవరిలో జపాను మన దేశంతో ఒప్పందం చేసుకుంది. ముసలివాళ్ల సేవ కూడా అందులో ఉంది. 2022 డిసెంబరులో జర్మనీతో ఇంకో ఒప్పందం అయింది. కాబట్టి ఉద్యోగాలున్నది నిజమే. ఏజెంటు చెప్పనిది మిగతా సగం. జపాను పోవాలంటే ముందు జపాను భాషలో పరీక్ష, సేవ పనిలో పరీక్ష పాసవ్వాలి. నెలల తరబడి కూర్చుని చదవాలి. జర్మనీలో నర్సుగా గుర్తింపు కావాలంటే మూడేళ్ల జి.ఎన్.ఎం. గాని, నాలుగేళ్ల బి.ఎస్సీ. నర్సింగు గాని ఉండాలి, ఆపైన జర్మను భాష. మన పిల్లల్ని తీసుకెళ్లి ఎక్కువగా చేర్పిస్తున్నదేమో రెండేళ్ల ఏ.ఎన్.ఎం.లో. ఫీజు కట్టేముందు ఈ సంగతి చెప్పే నాథుడు లేడు.

గల్ఫు సంగతి వేరు. అక్కడికి పరీక్షలేమీ అక్కర్లేదు, అందుకే మనోళ్లు అటే పోతున్నారు. పది పాసు కాని ఆడమనిషి గల్ఫు లాంటి 18 దేశాలకు పనికి పోవాలంటే 30 ఏళ్లు నిండాలి, ప్రభుత్వ అనుమతి ఉండాలి. ఏజెంట్లు దీన్ని తప్పించడానికి విజిట్ వీసా మీద ఎక్కిస్తున్నారు. పది పాసైన పిల్లకైతే, నర్సు పనికి తప్ప, ఆ తనిఖీయే లేదు. చదువుకుంటే రక్షణ పెరగాలి గదా, ఇక్కడ తగ్గింది! కువైట్‌లో 2015లో ఇంటి పనివాళ్లకు చట్టం వచ్చింది. రోజుకి 12 గంటలు మించకూడదు, వారానికి ఒకరోజు సెలవు, పాస్‌పోర్టు యజమాని పట్టుకోకూడదు అని రాశారు. కానీ ఇంటి తలుపు వేశాక లోపలికొచ్చి చూసేదెవరు? 2011లో జెనీవాలో ఇంటి పనివాళ్ల హక్కుల మీద అంతర్జాతీయ ఒడంబడిక చేశారు. మన దేశం దానికి ఓటేసింది గాని, ఇప్పటికీ ఆమోదించి అమల్లో పెట్టలేదు.

డబ్బు సంగతి చెవిన పెట్టుకోండి. కేంద్రం నిబంధన ప్రకారం రిజిస్టరయిన ఏజెంటు తీసుకోవాల్సింది 30,000 రూపాయలు, దాని మీద జి.ఎస్.టి. అంతే. రశీదు ఇచ్చి తీరాలి. ఊళ్లో తిరిగే సబ్ ఏజెంటుకి చట్టంలో చోటే లేదు. ప్రవాసీ భారతీయ బీమా అని ఒకటుంది, రెండేళ్లకు 275 రూపాయలు కడితే 10 లక్షల బీమా. లక్షలు గుంజే ఏజెంటు ఈ 275 రూపాయల మాట ఎత్తడు, చూశారా.

కేరళ నర్సుల్ని జర్మనీకి పంపే పథకంలో నర్సు దగ్గర రూపాయి తీసుకోరు. భాష నేర్పే ఖర్చు కూడా అక్కడి ఆసుపత్రులే పెట్టుకుంటాయి. అవసరం వాళ్లది కాబట్టి ఖర్చూ వాళ్లదే. మనకూ 2006 నుంచి విదేశీ ఉద్యోగాల కోసం ఓంక్యాప్ అనే ప్రభుత్వ సంస్థ ఉంది. మరి ఏజెంటు మన గడపకొస్తున్నాడు గాని, ఆ సంస్థ మన పల్లెకు ఎందుకు రాదు? ఎస్సీ కార్పొరేషన్ డబ్బుతో బాపట్లలో, తెనాలిలో భాషా శిక్షణ, ఉండటానికి హాస్టలు పెట్టమని అడుగుదాం. ఒప్పందం కాగితం తెలుగులో ఇవ్వమని అడుగుదాం. అవ్వకూ సిస్టర్‌కూ మధ్య తేడా ఆ చదువే గదా. అది అప్పుచేసి కొనుక్కోవాల్సిన ఖర్మ మనకెందుకు?

ఇంకో మాట. పోనివాళ్ల సంగతి కూడా చూడాలి. మన ఊళ్ల చుట్టూ ఉన్న నర్సింగ్ హోముల్లో ఆయాలుగా రాత్రింబవళ్లు చేసే అక్కల్లో ఎంతమందికి పి.ఎఫ్. ఉంది, ఎంతమందికి ఈ.ఎస్.ఐ. ఉంది? చేతులెత్తమంటే ఇక్కడ ఒక్క చెయ్యీ లేవలేదు. ఆ లెక్క ఇల్లిల్లూ తిరిగి మేమే రాసుకుంటాం.

ఆ చెల్లెలి మెసేజి, డబ్బు పంపిన బ్యాంకు కాగితం పట్టుకుని సోమవారం పొద్దున్నే పోలీసు స్టేషనుకు పోతున్నాం. ఇలాగే డబ్బు కట్టినవాళ్లు ఇంకెవరున్నా, సిగ్గుపడకుండా కాగితాలు తీసుకుని మాతో రండి. ఎనిమిదింటికి చర్చి దగ్గర ఉంటాం.