ఆమ్లానికి వదలని ఎరుపు

 

స్నాతకోత్సవంలో పెద్దలు జీవితం గురించి చెప్పడం రివాజు. నాకు తెలిసింది రసాయన శాస్త్రం. కాబట్టి క్షయ క్రిమి గోడ గురించి చెప్తాను.

తెమడ పరీక్ష మీలో చాలామంది చూసే ఉంటారు. స్లైడ్ మీద తెమడ పూసి, ఆరబెట్టి, కార్బాల్ ఫుక్సిన్ పోసి ఆవిరి వచ్చేదాకా కింద మంట పెడతారు. మరగనివ్వకూడదు, కొత్తవాళ్లు తప్పు చేసేది అక్కడే. తర్వాత 25 శాతం సల్ఫ్యూరిక్ ఆమ్లం పోస్తే మిగతా కణాల రంగు వదిలిపోతుంది. మిథిలీన్ బ్లూ అద్ది మైక్రోస్కోపులో చూస్తే నీలం మధ్య సన్నటి ఎర్ర కడ్డీలు కనిపిస్తాయి, అవే క్షయ క్రిములు. అంత ఘాటు ఆమ్లానికీ ఆ ఎరుపు వదలదు.

వదలనివ్వనిది గోడలోని మైనం. గోడ లోపలి వరస చాలా బ్యాక్టీరియాల్లో ఉండే పెప్టిడోగ్లైకానే. దానికి అరాబినోగెలాక్టాన్ అనే చక్కెర గొలుసు అతుక్కుని ఉంటుంది. ఆ గొలుసు కొసలకు మైకోలిక్ ఆమ్లాలనే పొడవాటి కొవ్వు ఆమ్లాలు, మైనం అంటే ఇవే. వంటనూనెల కొవ్వు ఆమ్లాల్లో ఎక్కువగా 16, 18 కార్బన్లే ఉంటాయి. మైకోలిక్ ఆమ్లాల్లో 60 నుంచి 90 దాకా! అవన్నీ ఒత్తుగా పేరుకుంటే నీళ్లలో కరిగే మందులు లోపలికి దూరడమే కష్టం.

నన్నడిగితే మైనం కన్నా చక్కెరలే విచిత్రం. పాల చక్కెరలో గెలాక్టోజ్ ఆరు పరమాణువుల వలయంగా ఉంటుంది. ఈ గోడలో అదే గెలాక్టోజ్ ఐదు పరమాణువుల వలయం. అరాబినోజ్ కూడా అంతే. ఈ రూపాలను మన శరీరం తయారుచేయదు. మందు వెతికేవాడికి అంతకన్నా మంచి గురి ఏముంటుంది? ఎథాంబ్యుటాల్ అనే క్షయ మందు దెబ్బకొట్టేది ఆ అరాబినోజ్ గొలుసును అల్లే ఎంజైములనే. అలాగని మనకు హాని లేదనుకోకండి. దాన్ని వాడే కొందరికి ఎరుపు, ఆకుపచ్చల తేడా తెలియకుండా పోతుంది.

క్షయకు సరైన మందే లేని రోజుల్లో యేల్ విశ్వవిద్యాలయంలో రుడాల్ఫ్ ఆండర్సన్ ఏళ్ల తరబడి ఈ క్రిమి మైనాలను విడదీస్తూ కూర్చున్నాడు. 1938లో మైకోలిక్ ఆమ్లాన్ని ప్రకటించింది ఆయన బృందమే. 1952లో ఐసోనియాజిడ్ అనే మందు వచ్చింది. రోగులు కోలుకున్నారు కానీ ఎందుకో ఎవరికీ తెలియదు. అది మైకోలిక్ ఆమ్లాల తయారీని ఆపుతుందని 1970 ప్రాంతంలో తేలింది. 1992లో ఇంకో సంగతి బయటపడింది. ఆ మందుకు పదును పెట్టేది క్రిమి సొంత ఎంజైమే. ఆ ఎంజైము చెడిపోయిన క్రిమిని ఐసోనియాజిడ్ ఏమీ చేయలేదు.

మందు దొరికాక గోడ నిర్మాణంతో పనేమిటని అడిగేవాళ్లు మీకు ఎదురవుతారు. మందులకు లొంగని క్షయ వచ్చినప్పుడు వాళ్లే మన దగ్గరికి వస్తారు. డెలామనిడ్ లాంటి కొత్త మందులూ మైకోలిక్ ఆమ్లాల తయారీనే అడ్డుకుంటున్నాయి మరి.

రోగాన్ని పట్టుకోవడానికీ ఈ గోడే దారి. దీని చక్కెరల్లో ఒకటి, లిపోఅరాబినోమానాన్, రోగి మూత్రంలోకి వస్తుంది. తెమడ తీయలేనంత నీరసించిన హెచ్.ఐ.వి. రోగులకు ఇప్పుడు మూత్రం చుక్కలు వేసే పట్టీతో పరీక్ష చేస్తున్నారు. హెచ్.ఐ.వి. లేని క్షయ రోగుల మూత్రంలో ఆ చక్కెర మరీ తక్కువ, ఇప్పటి పట్టీకి సరిగా అందడం లేదు. డయాగ్నొస్టిక్స్ వైపు వెళ్లేవాళ్లు చేతులెత్తండి, కార్యక్రమం అయ్యాక మాట్లాడుకుందాం.