టంకశాల తప్పా? తరువాతి దెబ్బా?



మన నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలలో పాత పెట్టె అడుగున చార్మినారు బొమ్మ గల హాలీ రూపాయి ఒకటైనా దాచుకున్న ఇండ్లు నేటికీ ఉన్నవి. ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దారు రూపాయలని లెక్క కట్టిన దినాలు పోయినవి. 1959లో ఆ నాణెం చెల్లుబాటు కూడా ముగిసినది. మమకారం మాత్రం పోలేదు. అటువంటి నాణెం మీద ఒక గీతో, వంకరో కనిపించగానే, “ఇది టంకశాల పొరపాటు, లక్షలు పలుకుతుంది” అని ఎవరో చెప్పడం, ఇంటివారు నమ్మడం జరుగుతున్నది. టంకశాలలో పుట్టిన లోపం ఏది, బయటికి వచ్చిన పిమ్మట తగిలిన దెబ్బ ఏది అన్న విషయాన్ని నేడు మేము మీకు విన్నవించదలచినాము.

ముందుగా నాణెం పుట్టుక తెలియవలె. లోహపు రేకు నుండి గుండ్రని బిళ్ళను కత్తిరిస్తారు. దాని అంచును ఒత్తి కొద్దిగా పైకి లేపుతారు. ఆపైన రెండు ఉక్కు అచ్చుల నడుమ పెట్టి, చుట్టూ ఒక కట్టు ఉంచి, బలంగా కొడతారు. ఆ దెబ్బతోనే బొమ్మ, బొరుసు, అంచు మీది గీట్లు ఏర్పడుతవి. 1903లో హైదరాబాదు సైఫాబాదులో నెలకొన్న టంకశాలలో గాని, 1997 నుండి పనిచేస్తున్న చెర్లపల్లి టంకశాలలో గాని క్రమం ఇదే. ఈ మెట్లలో ఎక్కడ జరిగినదో చెప్పగలిగినదే టంకశాల తప్పు. చెప్పలేకపోతే అనుమానించవలసినదే.

నాణెం మీద ఒక గీత ఉన్నదనుకొందాము. గోటితో మెల్లగా తడిమి చూడండి. గీత ఉబ్బెత్తుగా ఉంటే అచ్చు పగిలినదని అర్థం. ఆ పగులులోనికి లోహం చొరబడి మెరకగా నిలిచినది. గీత లోపలికి దిగి ఉండి, ఇరువైపులా లోహం చెదరి లేచి ఉంటే అది తరువాత పడిన గీటు. అట్లే కొన్ని అక్షరాలు మాయమైనవనుకొనండి. అచ్చులోని గుంటలలో మడ్డి నిండినందువల్ల అక్షరం పడకపోతే, ఆ చోటు చుట్టుపక్కల తలం వలెనే నునుపుగా ఉంటుంది, తూకం తగ్గదు. ఆకురాయితో అరగదీసినదైతే సన్నని రాపిడి గీతలు కనిపిస్తవి, తూకమూ తగ్గుతుంది. 1992 నుండి 2004 వరకు వచ్చిన ఉక్కు రూపాయి తూకం 4.85 గ్రాములు. కంసాలి తక్కెడ ఒకటి చాలు, నిజం కొంత బయటపడుతుంది.

నాణెం ఒక పక్క నెలవంక వలె తెగి ఉండవచ్చును. బిళ్ళను కత్తిరించునప్పుడే తెగినదైతే, దానికి సరిగ్గా ఎదుటి అంచు కూడా బలహీనంగా, పలుచగా ఉంటుంది. అంచును ఒత్తునప్పుడు ఇటువైపు లోహం లేనందున అటువైపు ఒత్తిడి అందదు గదా! తరువాత కత్తిరించినవాడు తెగిన చోటును ఎంత నునుపు చేసినా ఎదుటి అంచును ఏమీ చేయలేడు.

ఒక ముఖం మీద సరియైన బొమ్మ, రెండవ ముఖం మీద అదే బొమ్మ అద్దంలో వలె తలకిందై, లోపలికి దిగి ఉన్న నాణేలు అరుదు. ముందు కొట్టిన నాణెం అచ్చుకు అంటుకొని మిగిలితే ఇవి పుడతవి. కాని రెండు నాణేలను కలిపి ఇనుప బిగింపులో నొక్కి ఇటువంటి గుర్తు తెప్పించేవారున్నారు. వీటిలో అసలు బొరుసు చిహ్నాలు నలిగిపోయి కింద మిగిలే ఉంటవి. నిజమైనదానిలో అవి ఉండనే ఉండవు.

కాచిగూడ నుండి కర్నూలుకు మహబూబ్‌నగర్ మీదుగా పోయే రైలు పట్టాల మీద పైసలు పెట్టి పిల్లలు ఆడే ఆట ఎవరికి తెలియదు? అట్లు సాగిన నాణెం తూకం తగ్గదు. అందుచేత తూకమొక్కటే సాక్ష్యం కాదు. అక్షరాలను చూడవలె. చక్రం కింద సాగినదానిలో అక్షరాలు కూడా సాగి వెడల్పవుతవి. టంకశాలలో కట్టు లేకుండా కొట్టినదైతే అంచు మాత్రమే విస్తరించి, నడుమ అక్షరాలు తమ కొలతలోనే ఉంటవి.

గద్వాల, నారాయణపేట సంస్థానాల పాత రూపాయల సంగతి వేరు. అవి సుత్తితో చేతిమీద కొట్టినవి. అచ్చు బిళ్ళకంటె పెద్దది గనుక పూర్తి అక్షరాలు ఏ నాణెం మీదా పడవు. అది లోపం కాదు, ఆనాటి పద్ధతి.

చిల్లులకు కూడా కథలున్నవి. 1940లలో వచ్చిన హైదరాబాదు రెండు పైల కంచు నాణేనికి నడుమ చిల్లు టంకశాలలోనే పడినది. లంబాడీ స్త్రీల ఆభరణాలలోని రూపాయలకు చిల్లులు, టంకం పెట్టిన కొంకులు తరువాత వచ్చినవి. 1898లో తమిళనాడు పుదుక్కోటలో దొరికిన రోమను బంగారు నాణేలలో చాలావాటిపై చక్రవర్తి ముఖం మీద ఉలిగాటు ఉన్నది. చెలామణి నుండి తొలగించుటకే అట్లు చేసినారని పండితుల ఊహ. ఇవి సంతలో ధర తగ్గించే గాయాలే కావచ్చును గాని, చరిత్రకు ఆనవాళ్ళు.

కనుక శ్రోతలకు మా మనవి మూడు మాటలు. చింతపండుతోగాని, ఇటుకపొడితోగాని నాణేలను తోమకండి. తోమిన నాణెం తన సాక్ష్యాన్ని తానే పోగొట్టుకుంటుంది. పొలం దున్నునప్పుడు నిధి దొరికితే పంచుకొనక కలెక్టరుకు తెలుపండి. చట్టమూ అదే చెబుతున్నది. మీ పాత నాణేనికి పెద్ద మొత్తం ఇస్తామని, ముందుగా రుసుము పంపమని ఎవరైనా అడిగితే పంపకండి. తన పేరు వాడుకొని జరిగే ఇటువంటి మోసాల గురించి 2021లో రిజర్వు బ్యాంకు ప్రజలను హెచ్చరించినది. కొనేవాడు డబ్బిస్తాడు గాని అడగడు. తాతగారి రూపాయికి ధర పలకకపోయినా, అది ఏ దెబ్బను ఎక్కడ తిన్నదో చదవగలిగితే ఆ ఇంటి చరిత్రలో ఒక పుట మీ చేతికి అందినట్లే.