సొంతంగా ఫైబర్ వేసుకున్న రైతులు

(జిల్లా రైతు సంఘం శిక్షణా తరగతుల్లో ‘గ్రామాలు – డిజిటల్ సేవలు’ అంశంపై చేసిన ప్రసంగ పాఠం)



మద్దతు ధర మీద, కౌలు రైతుల సమస్యల మీద క్లాసులు అయ్యాక ఇంటర్నెట్ మీద క్లాసేమిటని పొద్దున కొందరు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. జవాబు మనం రోజూ తిరిగే ఆఫీసుల్లోనే ఉంది. పీఎం కిసాన్ డబ్బు పడాలంటే ఈకేవైసీ కావాలి. ఆంధ్రాలో పంట నష్టపరిహారం రావాలంటే ఈ-క్రాప్‌లో పేరు ఎక్కాలి. తెలంగాణలో 2020 అక్టోబరులో ధరణి మొదలైన నాటి నుంచి కంప్యూటర్లో కనపడిందే భూమి రికార్డు. ధరణి పోయి భూభారతి వచ్చినా ఆ సంగతి మారలేదు. 2025లో సీసీఐ కేంద్రానికి పత్తి తోలాలంటే ముందు కపాస్ కిసాన్ యాప్‌లో స్లాట్ బుక్ చేసుకోవాల్సి వచ్చింది. ఉపాధి పనుల్లో 2023 జనవరి నుంచి రోజుకు రెండుసార్లు కూలీల ఫొటో యాప్‌లోకి ఎక్కితేనే హాజరు. మరి సిగ్నల్ లేని గుట్ట మీద పని చేసినవాళ్ల కూలి ఎవరిస్తారు? నీళ్లు, కరెంటు, ఎరువు ఎంత ముఖ్యమో ఇప్పుడు ఈ తీగ కూడా అంతే ముఖ్యమైంది. అందుకే రైతు సంఘం దీన్ని చర్చకు పెట్టింది.

‘గ్రామాలకు డిజిటల్ సేవలు’ అనగానే మనకు రెండు మాటలే గుర్తొస్తాయి. సర్కారు ఇవ్వాలి, లేదా కంపెనీ ఇవ్వాలి. ఈ రెండింటి కోసం ఎదురుచూసి విసిగిపోయి, తమ ఊళ్లకు తామే ఫైబర్ వేసుకున్న రైతులున్నారు. వాళ్ల గురించి ఈ రోజు కాస్త వివరంగా చెప్పుకుందాం. వాళ్లు మన దేశం వాళ్లు కాదు, ఇంగ్లండ్ రైతులు. ఇంగ్లండ్ అంటే అన్నీ అమరిన దేశమని మనం అనుకుంటాం. పల్లెల సంగతికి వస్తే అక్కడా నగరానిదే ముందు వరస.

వాయవ్య ఇంగ్లండ్‌లో లాంకషైర్ అనే జిల్లా ఉంది. అందులో లూన్ నది లోయ. గొర్రెలు, పాడి పశువులు, రాతి గోడలు కట్టిన పచ్చిక బీళ్లు, కిలోమీటరుకో ఇల్లు. పాత రాగి ఫోన్ తీగ మీద ఇంటర్నెట్‌కు ఒక గుణం ఉంది. ఎక్స్ఛేంజి నుంచి ఎంత దూరం పోతే వేగం అంత పడిపోతుంది. నాలుగైదు కిలోమీటర్లు దాటితే దాదాపు చచ్చిపోతుంది. మన కాలువ చివరి ఆయకట్టు రైతుకు ఈ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. లోయలో చెదురుమదురుగా ఉన్న నాలుగు ఇళ్ల కోసం కొత్త తీగ వేస్తే పెట్టుబడి తిరిగి రాదని కంపెనీలు ముందుకు రాలేదు. పల్లె ఇంటర్నెట్ కోసం బ్రిటిష్ ప్రభుత్వం ఇచ్చిన సబ్సిడీ కాంట్రాక్టులు మొదటి విడతలో అన్నీ ఒక్క పెద్ద టెలిఫోన్ కంపెనీకే దక్కాయి. అది కూడా చివరి ఊళ్లను చివరికే వదిలేసింది.

అదే సమయంలో ప్రభుత్వం రైతుల పనులన్నిటినీ ఆన్‌లైన్‌కు మారుస్తూ పోయింది. అక్కడ ఒక ఆవు ఒక పొలం నుంచి మరో పొలానికి మారితే మూడు రోజుల్లో లెక్క పంపాలి. సబ్సిడీ దరఖాస్తులు, పన్ను కాగితాలు అన్నీ ఇంటర్నెట్‌లోనే పూర్తి చేయమన్నారు. ఫారం సగం నింపేలోపు లైను తెగిపోతుంది, మళ్లీ మొదటికి. మీసేవ దగ్గర ‘సర్వర్ డౌన్’ అన్న మాట విని తిరిగొచ్చిన మనకు ఆ బాధ అర్థమవుతుంది.

ఆ లోయలో రే అనే చిన్న ఊరుంది. క్రిస్ కాండర్ ఆ ఊరి రైతు కుటుంబంలోని మహిళ. ఆమె ఇంజినీరు కాదు. 2000 దశకంలో లాంకాస్టర్ విశ్వవిద్యాలయం వాళ్ల సాయంతో ఆ ఊళ్లో వైర్‌లెస్ నెట్‌వర్క్ నడిపించడంలో ముందున్నది ఆమె. వైర్‌లెస్ చాలదని తేలాక, తమ పొలం మీదుగా ఫైబర్ లాగించే పనికి దిగింది. ఆమెకు తోడైనవాడు బ్యారీ ఫోర్డ్. లాంకాస్టర్ విశ్వవిద్యాలయంలో పని చేసిన నెట్‌వర్క్ నిపుణుడు. బడులకు ఇంటర్నెట్ తీగ వేయించిన అనుభవం ఉన్నవాడు. ఆమెకు ఊరు తెలుసు, ఆయనకు తీగ తెలుసు. వీళ్లిద్దరూ, చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు మరికొందరూ కలిసి 2011లో ఒక సంఘం రిజిస్టరు చేయించారు. పేరు ‘బ్రాడ్‌బ్యాండ్ ఫర్ ద రూరల్ నార్త్’. పొట్టిగా బి4ఆర్ఎన్ అని రాసి ‘బార్న్’ అని పలుకుతారు. ఇంగ్లీషులో బార్న్ అంటే గడ్డీ గింజలూ దాచుకునే కొట్టం. ఆ పేరు పెట్టింది రైతులని వెంటనే తెలిసిపోతుంది.

దీన్ని మామూలు కంపెనీగా పెట్టలేదు. ఊరి ప్రయోజనం కోసం నడిచే సంఘంగా చట్ట ప్రకారం నమోదు చేశారు. మన సహకార సంఘానికి దగ్గరగా ఉంటుంది. ఒక్కో వాటా ఒక పౌండు, కనీసం 100 వాటాలు కొనాలి. ఎన్ని వాటాలున్నా మనిషికి ఒకే ఓటు. సంఘం ఆస్తిని ఎవరికో అమ్మి సొమ్ము పంచుకోవడానికి వీల్లేకుండా నిబంధన కట్టారు. ఈ నిబంధనే దీనికి ప్రాణం. లేకుంటే పదేళ్ల తర్వాత ఏ పెద్ద కంపెనీయో వచ్చి, జనం వేసుకున్న తీగను కొనుక్కుని, ఆ జనానికే రెట్టింపు ధరకు అమ్మేది. మన దగ్గర సహకార చక్కెర ఫ్యాక్టరీలకు, డెయిరీలకు పట్టిన గతి చూసినవాళ్లం కదా, ఈ జాగ్రత్త విలువ మనకు బాగా తెలుసు.

పని ఎలా జరిగిందో చూద్దాం. ఫైబర్ అంటే వెంట్రుక లాంటి గాజు పోగు, ధర ఏమంత ఎక్కువ కాదు. అసలు ఖర్చంతా కందకం తవ్వడానికి, రోడ్డు పగలగొట్టి మళ్లీ పూడ్చడానికి, భూమి మీదుగా పోయినందుకు యజమానికి ఇచ్చే పరిహారానికి. కాబట్టి వీళ్లు రోడ్డును వదిలేసి పొలాల్లోంచి పోయారు. పొలాల రైతులు దారి ఉచితంగా ఇచ్చారు. తవ్వింది కూడా వాళ్లే. కొన్నిచోట్ల మినీ డిగ్గర్లు, కొన్నిచోట్ల ట్రాక్టరుకు తగిలించే ఒక రకం నాగలి. అది పచ్చిక పెళ్లగించకుండా నేలను సన్నగా చీలుస్తూ పోతుంది, దాని వెనకే ప్లాస్టిక్ గొట్టం లోపలికి దిగుతుంది. తర్వాత గాలి ఒత్తిడితో గాజు తీగను ఆ గొట్టంలోకి ఊదుతారు. తీగ చివరలు అతకడం నేర్పు కావాల్సిన పనే. అదీ ఊరి వాళ్లు నేర్చుకున్నారు.

తవ్వినవాళ్లకు మీటరుకు ఒకటిన్నర పౌండు లెక్క కట్టారు. అప్పటి మారకంలో 120, 130 రూపాయలు. డబ్బుగా తీసుకోవచ్చు, వాటాలుగా రాయించుకోవచ్చు. అంటే చేతిలో నగదు లేని వాడి చెమట కూడా పెట్టుబడి కిందే లెక్కకొచ్చింది. మొదట ఎనిమిది పారిష్‌లు, అంటే మన పంచాయతీల లాంటివి, ఎంచుకున్నారు. ఒక్కో చోట ఊరి వాలంటీర్లే మ్యాపులు పట్టుకుని పొలం పొలం తిరిగారు. ఎవరి బీటి కింద డ్రైనేజి గొట్టం ఉంది, ఎవరి గోడ కదిలిస్తే గొడవ వస్తుంది, ఎవరితో ఎవరు మాట్లాడాలి, ఇవన్నీ బయటి కాంట్రాక్టరుకు తెలిసే సంగతులు కావు. ఒకరు ఒప్పుకోకపోతే గీత పక్క పొలం వైపు మళ్లేది. టీ పెట్టి, కేకులు చేసి, పద్దులు రాసినవాళ్లు కూడా ఈ పనిలో భాగమే. ఉద్యమాల్లో వంట చేసిన మహిళల పేర్లు మన చరిత్రల్లో ఎన్నిసార్లు రాశాం?

ఫలితం ఏమిటంటే, ఇంటికి సెకనుకు 1000 మెగాబిట్ల లైను, వచ్చేదీ పోయేదీ ఒకే వేగం. అప్పట్లో లండన్ ఇళ్లలో చాలా వాటికి లేని వేగం అది. మొదటి ఏళ్లలో నెలకు 30 పౌండ్లు, కనెక్షన్‌కు 150 పౌండ్లు. ఇప్పుడు 10 వేలకు పైగా కనెక్షన్లు ఉన్నాయి. లోయ దాటి పక్క జిల్లాలకు పాకింది.

తీగ వేసి ఊరుకుంటే వీళ్ల గురించి ఇంతసేపు చెప్పేవాళ్లం కాదు. మెల్లింగ్ ఊళ్లోని వాళ్ల ఆఫీసులో వారానికో మధ్యాహ్నం కంప్యూటర్ క్లబ్ పెట్టారు. ముసలివాళ్లు తమ పరికరాలు పట్టుకుని వచ్చేవారు. పక్కన కూర్చుని చూపించే మనిషి ఉండేవాడు. ఫారం ఎలా నింపాలి, మోసపు మెసేజి ఎలా గుర్తుపట్టాలి, మనవడి ముఖం ఎలా చూడాలి, ఇలాంటివి. ఫీజు తీసుకుని పని చేసిపెట్టే దుకాణం కాదది, నేర్పే చోటు. మన దగ్గర ఫోను, పాస్‌వర్డు, ఓటీపీ అన్నీ సెంటర్ కుర్రాడికి అప్పజెప్పి గుమ్మం దగ్గర నిలబడే రైతు ఎంతమంది? ఆ కుర్రాడు మంచివాడైతే సరే. కాకపోతే?

ఇలాంటి పని మన దేశంలోనూ జరిగింది. ఒసామా మంజర్ ఢిల్లీలో 2002లో మొదలుపెట్టిన డిజిటల్ ఎంపవర్‌మెంట్ ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ 2010 నుంచి కంపెనీలు రాని ఊళ్లకు లైసెన్సు అక్కర్లేని వైర్‌లెస్ ద్వారా ఇంటర్నెట్ అందించింది. మధ్యప్రదేశ్‌లో చేనేతకు పేరుపడ్డ చందేరి అందులో ఒకటి. టవర్ ఎక్కి పరికరం సరిచేసే పని స్థానిక యువతకే నేర్పారు. ఊరి పరికరం ఊరి మనిషి చేతిలో ఉంటే చెడిపోయిన రోజునే బాగవుతుందన్నది వాళ్ల లెక్క.

అయితే లూన్ లోయను చూసి మనమూ గడ్డపారలు పట్టుకుందామని చెప్పడం మా ఉద్దేశం కాదు. కంపెనీ చేయని పనిని, సర్కారు చేయాల్సిన పనిని జనం వట్టి చేతులతో చేసుకుంటే చప్పట్లు కొట్టి తప్పుకోవడం పాలకులకు సుఖం. పైగా అక్కడ చాలామందికి సొంత భూమి, సొంత ట్రాక్టరు, కొనడానికి వంద పౌండ్లు ఉన్నాయి. మన కౌలు రైతుకు దారి ఇవ్వడానికి భూమే లేదు.

మన పరిస్థితి మరోలా ఉంది. వాళ్లు సంఘం పెట్టుకున్న 2011లోనే, అక్టోబరులో, దేశంలోని దాదాపు రెండున్నర లక్షల పంచాయతీలకు ఫైబర్ వేసే పథకానికి కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. తర్వాత దాని పేరు భారత్‌నెట్ అయింది. ఆంధ్రాలో 2015లో ఫైబర్‌నెట్ సంస్థ పుట్టింది. తెలంగాణలో మిషన్ భగీరథ పైపుల కోసం తవ్విన కందకాల్లోనే టీ-ఫైబర్ గొట్టాలు వేశారు. అంటే కందకం మన సొమ్ముతో, మన పొలాల పక్కనే తవ్వేశారు. తవ్వే పని మిగల్లేదు. అడిగే పని మిగిలింది. పంచాయతీ ఆఫీసులో పెట్టిన ఆ పెట్టెలో లైటు వెలుగుతోందా? వెలిగితే ఆ తీగ బడికి, ఆసుపత్రికి, రైతు సేవా కేంద్రానికి పోయిందా? పాడైతే ఎవరికి ఫోన్ చేయాలి, ఎన్ని రోజుల్లో వస్తారు? ఇంగ్లండ్ రైతుకు తన సంఘం సమావేశంలో లేచి ఈ ప్రశ్న వేసే హక్కుంది. మనకు గ్రామసభ ఉంది. అక్కడ ఈ ప్రశ్న ఎన్ని ఊళ్లలో వేశాం?

ఇంకొక సంగతి. 2015లో ఇంగ్లండ్ ప్రభుత్వం కొత్త సబ్సిడీ పథకం దరఖాస్తులు ఆన్‌లైన్‌లోనే ఇవ్వాలంది. పొలం మ్యాపు గీసే భాగం పని చేయలేదు. రైతు సంఘాలు గట్టిగా పట్టుబట్టాయి. మార్చిలో ప్రభుత్వం దిగొచ్చి మళ్లీ కాగితం ఫారాలు ఇచ్చింది, మే మధ్యలో ఉన్న గడువును జూన్ మధ్యకు పెంచింది. అంత కంప్యూటర్ల దేశంలో కాగితం వాపసు వస్తే ఇక్కడ ఎందుకు రాకూడదు? యాప్ ఉండొద్దని మనం అనడం లేదు. యాప్ పని చేయని రోజున రైతు హక్కు ఆగకూడదంటున్నాం. కాగితం దరఖాస్తు తీసుకుని, తేదీ వేసి రశీదు ఇచ్చే మనిషి మండలంలో ఉండాలంటున్నాం.

ఇక పని విషయం. ప్రతి గ్రామ కమిటీ ఇద్దరిని ఎంపిక చేయాలి, అందులో ఒకరు మహిళ కావాలి. వారానికో సాయంత్రం యూనియన్ ఆఫీసులోనో, బడి అరుగు మీదో కూర్చుంటారు. రైతు ఫోన్ లాక్కుని పని చేసిపెట్టకూడదు. రైతు వేలితోనే చేయించాలి, ఓటీపీ రైతే చదవాలి. రెండోది, పని కాని ప్రతిసారీ ఒక నోటు పుస్తకంలో రాయాలి: తేదీ, పథకం, తెర మీద వచ్చిన మాట యథాతథంగా, రైతు తిరిగిన సార్లు, పోయిన కూలి. ‘నెట్ బాగాలేదు’ అని నోటితో చెబితే అధికారి నవ్వుతాడు. అరవై మంది పేర్లతో, తేదీలతో కాగితం పెట్టి ఎండార్స్‌మెంట్ అడిగితే జవాబు రాయాల్సిందే. వచ్చే నెల మండల సమావేశానికి ఈ పుస్తకాలు తీసుకురావాలి. నమూనా ఫారం ఇప్పుడు పంచుతున్నాం. మీ ఊరి సమస్యకు అందులో గడి లేకపోతే ఇక్కడే చెప్పండి, కలుపుదాం.