పత్తి పోగుతో కుట్టే పిట్ట
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



వ్యవసాయ శాఖలో పనిచేసి రిటైరయినవాణ్ణి కాబట్టి పత్తి గురించి మాట్లాడతానని చాలామంది అనుకొని ఉంటారు. పత్తి గురించే మాట్లాడతాను. అయితే ఆదోని మార్కెట్ యార్డు లెక్కలో క్వింటాళ్లుగా కాదు, పోగులుగా. ఆ పోగులు వాడుకునే ఒక పిట్ట గురించి.

దాన్ని దర్జీ పిట్ట అంటారు, కుట్టుపిట్ట అనీ అంటారు. ఒళ్లంతా కలిపి పది గ్రాములు తూగడం కష్టం. నెత్తి ముందుభాగం ఇటుక రంగు, వీపు పసుపు కలిసిన ఆకుపచ్చ, పొట్ట తెలుపు. తోక నిలువుగా లేపుకొని పొదలో గెంతుతూ ఉంటుంది. గూడుకట్టే కాలంలో మగదానికి తోక నడుమ ఈకలు రెండు బాగా పొడుగవుతాయి. మనిషి చూపుకు సులభంగా అందదు గానీ గొంతు మాత్రం ఒంటికి పదింతలు. 'టువిట్ టువిట్' అని ఆపకుండా అరుస్తుంది. ఈ బడిలో చదివిన ప్రతివాడూ ఆ అరుపు విన్నవాడే, ఏ పిట్టదో తెలియకపోవచ్చు.

చాలామంది దీన్నీ గిజిగాణ్ణీ ఒకటే అనుకుంటారు. ఎమ్మిగనూరులో పుట్టినవాళ్లు అలా అనకూడదు! మాచాని సోమప్పగారు 1938లో చేనేత సహకార సంఘం పెట్టిన ఊరు మనది. నేతపని వేరు, కుట్టుపని వేరని మనకు ఒకరు చెప్పాలా? గిజిగాడు నేతగాడు. గింజలు తింటాడు, గడ్డిపోచలతో గూడు అల్లుతాడు, అల్లేది మగపక్షి. దర్జీ పిట్ట ముఖ్యంగా పురుగులు తినేది. కుట్టేది ఆడపక్షి.

ఆ కుట్టు ఎలాగో చెబుతాను. వెడల్పాటి ఆకు ఒకటి, లేదా పక్కపక్కనే ఉన్న రెండు మూడు ఆకులు ఎంచుకుంటుంది. ఆకును చెట్టునుంచి తెంపదు. ఆకు అంచుల్లో ముక్కుతో సన్నటి బెజ్జాలు పొడుస్తుంది. పత్తి పోగో, నారో, సాలీడు దారమో ఒక బెజ్జంలోంచి రెండో అంచు బెజ్జంలోకి లాగుతుంది. బెజ్జం మరీ చిన్నది కావడంతో బయటికి వచ్చిన పోగు కొస విచ్చుకొని ఉబ్బుతుంది, మళ్లీ వెనక్కి జారదు. మనం ముడి వేసే చోట అది ముడి వేయదు. ఇనుప రేకులకు రివిట్ కొట్టినట్టు ఒక్కో కుట్టూ విడిగా పట్టు పడుతుంది. ఒక కుట్టు ఊడినా పక్కది ఊడదు. బెజ్జాలు సన్నవి కాబట్టి ఆకు వాడదు. పైగా ఆకు పైతట్టు బయటికి ఉండేలా చుడుతుంది. చూసేవాడికి అది మామూలు ఆకే. ఆ దొన్నెలో దూది, మెత్తటి పీచు పరిచి గుడ్లు పెడుతుంది.

1769లో థామస్ పెన్నంట్ దీనికి పెట్టిన పేరులోని మాట లాటిన్‌లో చెప్పులు కుట్టేవాడన్నమాట. మన భాష దర్జీ అంది. గుడ్డలాంటి ఆకును కుడుతోంది కాబట్టి మన పేరే నాకు నచ్చింది. కిప్లింగ్ 'జంగిల్ బుక్'లో ముంగిస కథ చదివినవాళ్లకు అందులోని దర్జీ గుర్తుండాలి. ఆ దర్జీ ఈ పిట్టే. బెంగాలీ పిల్లలకు ఇది టున్‌టుని, దాని కథలతో ఒక పుస్తకమే ఉంది.

గుడ్లు మూడో నాలుగో పెడుతుంది. పన్నెండు రోజులకు పిల్లలు, మరో పద్నాలుగు రోజులకు అవి గూడు వదులుతాయి. ఆ రెండు వారాలూ తల్లీ తండ్రీ ఇద్దరూ పురుగులు మోస్తారు. తొండ, పిల్లి, జెముడుకాకి కన్ను పడకుండా ఉండాలి. ఇవి చాలవన్నట్టు బూడిద రంగు పొట్ట ఉన్న ఒక కోకిల జాతి పక్షి తన గుడ్డును ఇందులో పెట్టిపోతుంది. తనకంటే పెద్దదైన పరాయి పిల్లను ఈ పది గ్రాముల పిట్టలు సాకుతాయి.

మన పడమటి మండలాల్లో పెద్ద అడవి లేదు. నల్లరేగడి, బండలకొండలు, తుంగభద్ర దిగువ కాలువ గట్లు, తుమ్మ, వేప. ఈ పిట్టకు దట్టమైన అడవి అక్కరలేదు. మోకాలి ఎత్తునుంచి మనిషి ఎత్తు దాకా ఉన్న పొద చాలు. పత్తి లారీలు పోయే రోడ్డు పక్క తుమ్మముళ్లకు చిక్కుకున్న దూది దానికి నూలుమిల్లు. పత్తిచేలో శనగపచ్చ పురుగుకు ఇదే మందని చెప్పను, అలా చెబితే రైతులు నవ్వుతారు. కానీ పురుగుమందు కొట్టిన చేను పక్క పొదలో పిల్లల నోట్లో పెట్టడానికి దానికి దొరికేదేమిటో ఆలోచించండి.

ఇప్పుడు అసలు విషయం. స్వర్ణోత్సవ నిధితో బడికి ప్రహరీగోడ కట్టాలని కమిటీ తీర్మానించింది. చందా నేనూ ఇచ్చాను, గోడ కావాలి. గోడ గీసిన చోట వెనకవైపు మందారాలు, జామ, బాదం మొలకలు కలిసిన కంచె ఉంది. ఎండాకాలం సెలవుల్లో దాన్ని చదును చేసి జూన్‌లో పునాది తీస్తారట. జూన్ నుంచి ఆగస్టు దాకా ఈ పిట్ట ఎక్కువగా గూళ్లు కట్టే కాలం. పోయిన వానాకాలం ఆ కంచెలో రెండు గూళ్లు చూశాను, ఒకటి బాదం ఆకులో.

ఈ పిట్ట అంతరించిపోతోందని భయపెట్టను, అది అబద్ధం. దేశమంతా ఉంది. ఈ కంచె పోతే జాతికేమీ కాదు. మన ఆరో తరగతి పిల్లలకు మాత్రం బెంచీ దగ్గరనుంచి కిటికీలోంచి చూసే వీలు పోతుంది. పాఠంలో బొమ్మ వేసి చూపడం వేరు, ఆకు కదిలితే దాని వెనక ముక్కు కనబడడం వేరు. సైన్సు చెప్పిన అయ్యవార్లకు ఇది నేను చెప్పనక్కరలేదు.

నా కోరిక చిన్నది. గోడను కంచెకు ఇవతలికి నాలుగడుగులు కాదు, అవతలికి నాలుగడుగులు జరపండి. అవతల ఉన్నది బడి స్థలమే, రికార్డు చూశాను. కాలువ వైపు నేల దిగువ కాబట్టి పునాది కొంచెం లోతు తీయాలి, ఖర్చు పెరుగుతుంది. ఆ పెరిగిన ఖర్చులో నా వంతు మళ్లీ ఇస్తాను. అది కుదరకపోతే కనీసం పునాది పని అక్టోబరు దాటాక మొదలుపెట్టండి.

అధ్యక్షులవారు ఇచ్చిన పది నిమిషాలూ అయిపోయాయి. రేపు ఉదయం ఏడు గంటలకు టేపుతో కంచె దగ్గర ఉంటాను. మన బ్యాచుల ఇంజినీర్లు టిఫినుకు ముందు ఒక్కసారి అటు వస్తే కొలత వేసుకుందాం. బాదం మొలక కొమ్మ మాత్రం వంచకండి, పాత గూడు ఇంకా దానికే ఉంది.