మూసీ ఒడ్డు ఒక్కటే గీత కాదు

(మూసీ ఒడ్డు బస్తీలపై హైదరాబాద్‌లో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



మూసీ ముచ్చట ఎవరు తీసినా కిలోమీటర్ల లెక్కే చెప్తున్నారు. గండిపేట, హిమాయత్‌సాగర్‌ల నుంచి తూర్పున ఔటర్ రింగ్ రోడ్డు దాకా 55 కిలోమీటర్లు. మ్యాపు మీద అది ఒక నీలం గీత. దాని పక్కన రెండు పచ్చ గీతలు, అంతే. కానీ ఆ ఒడ్డు వెంట నడిచినోళ్లకు ఎరుకే, అది ఒక్క గీత కాదు. అడుగడుక్కో పేట, పేటపేటకో బతుకుదెరువు.

పడమటి నుంచి రండి. లంగర్‌హౌజ్ దగ్గర ఈసా, మూసీ కలిసే చోట బాపూఘాట్ ఉన్నది. కిందికి వస్తే జియాగూడ. అక్కడి మేకల మండి మీద కసాయిలు, కాపర్లు, తోళ్ల వ్యాపారులు, బండ్లు తోలేవాళ్లు బతుకుతారు. ఆ తర్వాత పురానాపూల్. హైదరాబాద్ పుట్టకముందే, 1578లో కులీకుతుబ్‌షాహీలు కట్టిన వంతెన అది. ఆ పక్కనే జుమ్మేరాత్ బజార్, పాత సామాన్ల అంగడి. ముస్లింజంగ్ పూల్ దాటితే బేగంబజార్ హోల్‌సేల్ దుకాణాలు, వాటిని మోసే హమాలీలు. నయాపూల్‌కు ఇటు ఉస్మానియా దవాఖాన, అటు హైకోర్టు. తర్వాత ఇమ్లీబన్ బస్టాండు. చాదర్‌ఘాట్ కింద మూసానగర్, శంకర్‌నగర్. అక్కడ ఆటోడ్రైవర్లు, ఇండ్లల్ల పనికి పోయే ఆడబిడ్డలు, పాత ఇనుము ఏరేవాళ్లు. మూసారాంబాగ్, అంబర్‌పేట దాటినంక చైతన్యపురి. అక్కడున్నది చాలావరకు రిజిస్ట్రీ కాగితాలు, బ్యాంకు అప్పులు ఉన్న మధ్యతరగతి. ఇంకా కిందికి ఉప్పల్, పీర్జాదిగూడ వైపు మురుగునీళ్లతో గడ్డి పెంచి నగరం బర్లకు మేపేవాళ్లు.

మేకల మండి కష్టం, బ్యాంకు కిస్తీ కట్టేవాని కష్టం ఒక్కటి కావు. అందరికీ ఒక్కటే ప్యాకేజీ, ఒక్కటే డబుల్ బెడ్‌రూం అంటే అది న్యాయం కాదు, సౌలభ్యం. అది కూడా సర్కారు సౌలభ్యం.

తెలంగాణ కొట్లాటలో మనం నేర్చుకున్న మొదటి పాఠమే ఇది. మొత్తం రాష్ట్రం సగటు చెప్పి తప్పించుకోవాలని చూస్తే మనం ఒప్పుకోలేదు. ఏ జిల్లాకు ఎన్ని నీళ్లు, ఎన్ని కొలువులు అని విడివిడిగా లెక్క అడిగినం. రాష్ట్రం 2014లో వచ్చింది. ఆ లెక్క అడిగే అలవాటు మాత్రం పోవద్దు. మూసీ ఒడ్డు మీద కూడా బస్తీబస్తీకి లెక్క అడగాలె.

ఒక మాట తేటగా చెప్పాలె. నది గర్భంలో మనుషులు బతకాలని ఎవరూ కోరుకోరు. 2020 అక్టోబర్ వానలు చూసినం. 2025 సెప్టెంబర్ చివర్లో మూసీ పొంగి ఇమ్లీబన్ బస్టాండులకే నీళ్లొచ్చినయి. ప్రమాదం నిజం. అయితే ఇక్కడే ఒక ప్రశ్న. నదిలో పేదోడు వేసుకున్న రేకుల ఇల్లు ఆక్రమణ అయితే, నది నడుమ లంకలో సర్కారు కట్టిన బస్టాండును ఏమనాలె? పేదోని ఇంటి మీదనే ఎర్ర రంగు ఎందుకు పడాలె?

చరిత్ర ఏం చెప్తున్నదో చూడండి. 1908 సెప్టెంబర్ 28న మూసీకి వచ్చిన వరదలో 15 వేల మంది దాకా చనిపోయారు. పురానాపూల్ ఒక్కటి నిలబడ్డది, మిగతా వంతెనలు తెగినయి. 1909లో విశ్వేశ్వరయ్యను పిలిపించారు. పైన రెండు చెరువులు కట్టారు. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయినయి. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టారు. ఒడ్డున హైకోర్టు వచ్చింది, సిటీ కాలేజీ వచ్చింది, ఉస్మానియా దవాఖాన వచ్చింది, ఇప్పుడు స్టేట్ సెంట్రల్ లైబ్రరీ అంటున్న ఆసఫియా లైబ్రరీ వచ్చింది. అది రాజుల పాలన. ఆ పాలనను నేను పొగడుతలేను. కానీ నది ఒడ్డున రోగికి మంచం, పిల్లగానికి బడి, చదువుకునేటోనికి బల్ల దొరికినయి. టికెట్ లేకుండా మామూలు మనిషి అక్కడికి పోగలిగిండు.

ఇయ్యాల ఏం జరుగుతున్నది? కొత్త హైకోర్టుకు 2024 మార్చిలో రాజేంద్రనగర్‌లో శంకుస్థాపన చేశారు. ఉస్మానియా దవాఖాన కొత్త భవనాలకు 2025 జనవరిలో గోషామహల్‌లో శంకుస్థాపన చేశారు. పాత భవనాలకు వయసు మీద పడ్డది, కొత్తవి కావాలె, నిజమే. కానీ ప్రజల సంస్థలు ఒడ్డు దిగిపోతుంటే, వాటి చుట్టూ అల్లుకున్న మందుల దుకాణాలు, లాడ్జీలు, టైపిస్టులు, స్టాంపుల వాళ్లు, ఛాయ్ బండ్లు ఏమైతాయి? ఖాళీ అయ్యే జాగ ఎవరికి పోతది? దవాఖాన ఉన్న ఒడ్డు రేపు హోటళ్ల ఒడ్డు అయితే, మనం బాగు చేసింది నదినా, భూమి ధరనా?

ఇది ఒక్క పార్టీ ముచ్చట కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 1990ల చివర నందనవనం అన్నారు. ఒడ్డు నుంచి పేదలను తీసుకపోయి కర్మన్‌ఘాట్ దిక్కు పెట్టారు. నందనవనం పేరు ఒక కాలనీకి మిగిలింది, మూసీ మురికి మూసీకే మిగిలింది. తెలంగాణ వచ్చినంక 2017లో మూసీ రివర్‌ఫ్రంట్ కార్పొరేషన్ పెట్టారు. ప్రభుత్వం మారినంక 2024 సెప్టెంబర్‌లో గోడల మీద ఆర్‌బీ-ఎక్స్ అని రాశారు. ఆ తర్వాత మూసానగర్, శంకర్‌నగర్‌లలో ఇండ్లు కూలినయి. పార్టీలు మారినయి. ముందు తరలించుడు, తర్వాత ఆలోచించుడు అనే పద్ధతి మాత్రం మారలేదు.

2024 అక్టోబర్‌లో మన మంత్రులు, అధికారులు సియోల్ పోయి చెంగ్‌గెచాన్ వాగును చూసి వచ్చారు. మంచిదే. 2003లో పని మొదలుపెట్టి 2005లో 5.8 కిలోమీటర్లు బాగు చేశారు. కానీ కథ అంతటితో అయిపోలేదు. అక్కడి వీధి వ్యాపారులను డోంగ్‌డెమున్ స్టేడియంలోకి మార్చారు. కొన్నేండ్లకే ఆ స్టేడియాన్ని కూలగొట్టి డిజైన్ ప్లాజా కట్టారు. వ్యాపారులు మళ్లీ మూటలు సర్దుకున్నారు. సియోల్ నుంచి వాగు ఫొటోలతోపాటు ఈ పాఠం కూడా తెచ్చుకోవాలె. ఒకసారి లేపిన మనిషిని రెండోసారి లేపుడు మరీ అల్కగ అయితది.

చట్టం మన దిక్కే ఉన్నది. 2013 భూసేకరణ చట్టంలో బాధిత కుటుంబం అంటే పట్టా ఉన్నోడు ఒక్కడే కాదు. పట్టణంలో సేకరించే జాగలో మూడేండ్లకు పైగా ఉంటున్న కుటుంబం, ఆ జాగ మీదనే బతుకు ఆధారపడ్డ కుటుంబం కూడా ఆ లెక్కలోకి వస్తది. పట్టా లేదని వాళ్లను లెక్క నుంచి తీసేస్తే ఊకోవద్దు.

ఉద్యోగ మిత్రులారా, సర్వే ఫారం నింపేది మీరే. ఆ ఫారంలో ఇంటి నంబరుకు గడి ఉంటది. కిరాయికి ఉన్నోళ్లకు గడి ఉన్నదా? ఏం పని చేస్తడు, పనికి ఎంత దూరం పోతడు, పిల్లలు ఏ బడిల చదువుతున్నరు, వీటికి గడి ఉన్నదా? లేకుంటే పక్కన ఖాళీ జాగలోనన్న రాయండి. మీరు రాయని మనిషి సర్కారు కంటికి లేనట్టే.

విద్యార్థి మిత్రులారా, ఉస్మానియా యూనివర్సిటీ నుంచి అంబర్‌పేట ఒడ్డుకు పెద్ద దూరం లేదు. పది మంది చొప్పున ఒక్కో బస్తీ తీసుకోండి. ఎన్ని కుటుంబాలు, ఎవరి పని ఏంది, వరద నీళ్లు ఏ గడప దాకా వస్తయి, పోవాలంటే ఎక్కడికి పోతమంటున్నరు, అన్నీ రాయండి. సర్కారు మ్యాపు పక్కన మన పట్టిక ఉండాలె.

సర్కారును మూడు మాటలు అడుగుదాం. మొదటిది, తరలింపుకు ముందే బస్తీల వారీ జాబితా ఆ బస్తీలోనే గోడకు అంటించాలె. రెండోది, కొత్త ఇల్లు పాత పనికి దగ్గర ఉండాలె. మూడోది, ఖాళీ అయిన ప్రతి గజం ఏం కాబోతున్నదో కాగితం మీద చెప్పాలె. గోదావరి నీళ్లు తెచ్చి మూసీలో పారిస్తమంటున్నరు, పారించండి. ఆ నీళ్లను చూసే హక్కు ఇన్నేండ్లు ఆ మురికి వాసన పీల్చినోళ్లకు కూడా ఉండాలె.